మా బావ పాముచెవులు

ఫారాల్లో జనం రాసే అబద్ధాలు చదవడమే నా ఉద్యోగం. బడి ఆఫీసులో గుమస్తాని. పిల్లవాడి వయసు దగ్గర ఒక అబద్ధం, ఇంటి చిరునామా దగ్గర ఇంకొకటి, 'ఇంతకు ముందు బడి ఎందుకు మానిపించారు' అన్న చోట అందరిదీ ఒకటే అబద్ధం. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను కాబట్టి కాగితం తిరగేసి పట్టుకున్నా నాకు వాసన తెలిసిపోతుంది. అలాంటి నా కళ్ల ముందే నా సొంత అక్క ఆస్పత్రి ఫారంలో ఒక్క మాట అబద్ధం చెబితే, నేను పైకప్పు చూస్తూ నిలబడ్డాను. ఆ ఒక్క మాట వల్ల మా బావ ఐదు రోజులు ఏ లోకంలో ఉన్నాడో చెప్పాలంటే ముందు బావ గురించి చెప్పాలి.

మా బావ లిఫ్టు మెకానిక్. మనిషి పొట్టి, మాట పొడుగు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. అమ్మ పోయాక నేను పెరిగింది వాళ్లింట్లోనే. అందుకని మరదలిగా ఆయన్ని ఆటపట్టించే హక్కుతో పాటు కూతురిలా అలిగే హక్కు కూడా నాకుంది. రెండూ బాగానే వాడుకున్నాను.

పెద్ద పెద్ద మేడల నెత్తిన, నీళ్ల ట్యాంకు పక్కన ఒక ఇరుకు గది ఉంటుంది. లిఫ్టు ఎక్కేవాళ్లెవరూ దాన్ని చూసి ఉండరు. అందులో ఒక మోటారు, దాని మీదుగా కిందకి దిగే ఇనప తాళ్లు, గోడకి స్విచ్చుల పెట్టె. కిటికీ ఉండదు. ఎండాకాలంలో గంటసేపు ఉంటే మనిషి ఉడికిపోతాడు. బావ ముప్ఫై ఏళ్లు అలాంటి గదుల్లోనే గడిపాడు. లిఫ్టు మధ్యలో ఆగి జనం ఇరుక్కుపోతే ఈయనే వెళ్లి తీయాలి. లోపలివాళ్లకి ఆయన చెప్పే మాటలు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "తలుపు బలవంతం చెయ్యకండి. కింద కూర్చోండి. నేను వచ్చేశాను." ఆ గొంతు వినగానే ఏడుస్తున్నవాళ్లు కూడా ఊరుకునేవారట. ఊరుకున్నారో లేదో ఈయనకెలా తెలిసేదని మాత్రం అడక్కూడదు.

ఎందుకంటే ఆయనకి వినపడదు.

మోటార్ల రొద ఆయన చెవుల్ని తినేసింది. నలభై ఏడో ఏట మొదలైంది. స్నానాల గదిలో కుళాయి విప్పి అలాగే వదిలేసి వచ్చేవాడు. "ఆ నీళ్ల చప్పుడు వినపడట్లేదా?" అని అక్క అరిస్తే "ఏ నీళ్లు?" అనేవాడు అమాయకంగా. అది అమాయకత్వం కాదని మాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి ఎదురుగా నిలబడి మాట్లాడితే తప్ప ఆయనకి ఏమీ అందేది కాదు. గోడలకి చెవులుంటాయంటారు, మా ఇంట్లో గోడలకే ఉండేవి.

మరి పనెలా చేశాడంటారా? అరచేత్తో చేశాడు. మోటారు మీద కుడిచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ తాడు వదులైందో ఆ చేతికి తెలిసేది. ఇంట్లోనూ అంతే. అక్క వంటింట్లో పని చేసుకుంటూ ఏదో చెబుతుంటే పక్కకి వచ్చి మెడ దగ్గర చెయ్యి వేసేవాడు. ఈ వయసులో ప్రేమ ముదిరిందనుకుని మొదట్లో నేను దగ్గి పక్కకి తప్పుకునేదాన్ని. ఆవిడ గొంతు చేతికి తగిలితే, పెదాలు చదవడం సులువవుతుందట! ఏమీ అందని చోట నవ్వి "ఊ" అనేవాడు. ఆ నవ్వుతో, ఆ "ఊ"తో పదకొండేళ్లు లాగించాడు.

జనం ప్రాణాలతో చెలగాటం కదా అని మీరు నామీద కళ్లెర్రజేయక ముందే చెబుతున్నాను, నేనూ ఆ మాట అన్నాను. దానికి బావ, "మెయిన్ స్విచ్ ఆపి, తాళమేసి, తాళంచెవి జేబులో వేసుకోకుండా నేను తాడు ముట్టుకోనే. చెవులున్నవాళ్లే ధీమాగా స్విచ్ ఆపకుండా ఎక్కుతారు" అన్నాడు.

కంపెనీలో ఏటా ఒక పరీక్ష ఉండేది. ఒక ముసలి డాక్టరు గది చివర నిలబడి, నోటికి కాగితం అడ్డం పెట్టుకుని మూడు అంకెలు మెల్లగా చెబుతాడు. వాటిని తిరిగి చెప్పాలి. ఆ డాక్టరు బద్ధకం పుణ్యమా అని ఏ ఏడూ అంకెలు మారలేదు. ఇరవై ఏడు, నలభై మూడు, అరవై ఎనిమిది. బావ ఆ మూడూ గడగడా ఒప్పజెప్పి, బయటికొచ్చి మిఠాయి కొనుక్కుని ఇంటికొచ్చేవాడు. తప్పితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. వినికిడి లేనివాణ్ణి లిఫ్టు కేబిన్ మీదికి ఎక్కనివ్వరు. స్టోర్సులో కూర్చోబెట్టి నట్లూ బోల్టులూ లెక్కపెట్టి ఇవ్వమంటారు. "అదే జరిగితే నేను బతికుండీ చచ్చినట్టే" అన్నాడు. అని ఊరుకున్నాడా? అక్క చేతిని తన నెత్తి మీద పెట్టుకుని, ఎవ్వరికీ, ఎప్పటికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. మా అక్క దేనికైనా రాజీ పడుతుంది కానీ మొగుడి తల మీద వేసిన ఒట్టు దగ్గర పడదు. తప్పితే ఆ తలకే ముప్పని ఆవిడ నమ్మకం. నాతో ఒట్టు వేయించలేదు. నా నోటికి అక్కే తాళం వేసింది.

ఇక అక్కడి నుంచి ఆ ఇంటికి తలుపులు మూసుకుపోయాయి. టీవీ గట్టిగా పెడితే పక్కింటివాళ్లకి అనుమానం వస్తుందని అసలు గొంతే లేకుండా పెట్టుకునేవారు. ఆయనకి వినపడదు సరే, చెవులు నిక్షేపంలా ఉన్న మా అక్క కూడా పదకొండేళ్లు మూగ సినిమాలే చూసింది. ఎవరైనా వస్తే ఆయన దొరికిపోతాడని చుట్టాల్ని రానివ్వలేదు, తనూ ఎక్కడికీ వెళ్లలేదు. ఆయన ఇంట్లో ఉంటే ఆవిడ గడప దాటడానికి లేదు, ఎందుకంటే ఫోను మోగితే ఎత్తేది ఆవిడే. "ఆయన చేతులకి గ్రీజుందండీ, నాకు చెప్పండి. ఏ మేడ? ఎన్నో అంతస్తు? లోపల ఎంతమంది?" అని అడిగి, పలక మీద రాసి ఆయనకి చూపించేది. పదకొండేళ్లుగా మా బావ చేతులు గ్రీజులోనే ఉన్నాయి. ఎవరైనా ఆయన్ని పొగిడితే అక్క ముందుకొచ్చి "ఆయనవి పాముచెవులండీ" అనేసేది. ఎవరూ అడక్కపోయినా అనేది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుందే బాబూ అని నేను మొత్తుకునేదాన్ని.

ఈ కథలో ఇంకొక్క మనిషి ఉన్నాడు, బావ పైన సూపర్‌వైజరు. బావకంటే చిన్నవాడు, ఆయన దగ్గరే పని నేర్చుకుని పైకొచ్చాడు. ఆయన మా గుమ్మం ముందు "అన్నా!" అంటే వీధి చివర కుక్కలు లేచి మొరిగేవి. మేము ఆయనకి మైకు అని పేరు పెట్టుకున్నాం. ఇంటికొచ్చినప్పుడల్లా అక్క ఆయనతో నవ్వుతూ మాట్లాడుతూనే గుండె చేత్తో పట్టుకుని ఉండేది. బయటపడితే ముందు బయటపడేది మైకు దగ్గరే కదా.

పోయిన ఏడాది, ఒక మేడ నెత్తిన మోటారు గదిలో, పొద్దున పదింటికి బావ గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి లాగేసింది. అదృష్టం కొద్దీ ఆ రోజు తనిఖీకి వచ్చిన మైకు పక్కనే ఉన్నాడు. గంట లోపల ఆస్పత్రిలో చేర్చాడు. మేము పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి బావ మంచం మీద ఉన్నాడు, తెలివిగానే ఉన్నాడు. మమ్మల్ని చూసి ఒక పక్క మూతితోనే నవ్వాడు.

ఆ మధ్యాహ్నం ఒక పొడుగు సిస్టరు ఫారం పట్టుకుని వచ్చింది. అక్క, నేను, మైకు మంచం చుట్టూ ఉన్నాం.

"మెదడుకి ఇంత దెబ్బ తగిలాక కొంతమందికి ఉన్నట్టుండి మనసు చెదిరిపోతుందమ్మా" అంది సిస్టరు. "ఎక్కడున్నారో తెలీదు, అయినవాళ్లని గుర్తుపట్టరు. పిచ్చి కాదు అది. వెనకటివాళ్లు సన్నిపాతం అనేవాళ్లు. ఎవరికి వచ్చేలా ఉందో ముందే పసిగడితే చాలామందికి రాకుండా చూసుకోవచ్చు. ఈ ఫారం అందుకే. ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు."

ఉన్నదున్నట్టు చెప్పండని ఫారం పట్టుకున్న ప్రతివాళ్లూ అంటారు. నేను రోజుకి ఇరవై సార్లు అంటాను.

వయసు, సున్నా. ఒక పక్క పూర్తిగా పడిపోయింది కాబట్టి రెండు మార్కులు. మింగడం కష్టంగా ఉంది, ఒకటి. మూత్రానికి గొట్టం వేశారు, ఒకటి. మందు అలవాటు లేదు. ఇదివరకు మతిమరుపు లేదు. బడిలో మార్కులు ఎక్కువొస్తే మంచిది, ఇక్కడ తక్కువ రావాలి. ఐదు వచ్చిందంటే చాలు, మంచానికి పసుపు కార్డు కడతారు. పసుపు కార్డు ఉంటే కిటికీ పక్క మంచం, ఎదురుగా గడియారం, రోజంతా ఇంటి మనిషి పక్కన ఉండొచ్చు. లేకపోతే లోపలి పెద్ద వార్డు, పూటకి అరగంట చూడనిస్తారు. ఇదంతా సిస్టరు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

"చూపు బాగుందా?"

"సూదిలో దారం ఎక్కిస్తారండీ" అంది అక్క.

"వినికిడి?"

అక్క కళ్లు ఒక్క క్షణం మైకు వైపు వెళ్లాయి. అంతే. "పాముచెవులండీ ఆయనకి" అంది, పదకొండేళ్ల అలవాటు మీద.

"అవును సిస్టర్! చీమ నడిచినా వింటాడు మా అన్న!" అన్నాడు మైకు, వార్డంతా దద్దరిల్లేలా.

సిస్టరు నా వైపు చూసింది. పైకప్పుకి ఒక ఫ్యాను ఉంది. దాన్ని చూశాను. సిస్టరు బావ వైపు తిరిగి మూతికి కట్టిన మాస్కు వెనక నుంచి ఏదో అడిగింది. బావ నవ్వి "ఊ" అన్నాడు. వినికిడి దగ్గర రెండు మార్కులు పడాల్సిన చోట సున్నా పడింది. మొత్తం నాలుగు. సాయంత్రం ఆయన్ని లోపలి వార్డుకి తోశారు.

అది పొడుగాటి గది. రెండు వరసల మంచాలు. బావది ఆ చివర, సామాన్ల గది గోడకి ఆనుకుని ఉంది. కిటికీ లేదు. దీపం ఆర్పరు కాబట్టి పగలో రాత్రో తెలీదు. పనిచేసేవాళ్లందరికీ మూతులకి మాస్కులు. అంటే ఆయన చదువుకునే పెదాలు ఆ గదిలో ఒక్కటీ లేవు. అది నాకు గుమ్మంలోనే తట్టింది. తట్టి కూడా ఏమీ అనలేదు, రెండు రోజుల్లో బయటికి తెస్తారు కదా అనుకున్నాను.

రెండో రోజు మేము వెళ్లేసరికి బావ పైన దీపం వైపు గుడ్లప్పగించి చూస్తున్నాడు. నన్ను చూసి "ఆపరేటరమ్మా, ఇది ఎన్నో అంతస్తులో ఆగింది?" అన్నాడు ముద్దముద్దగా. పరాచికం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. "లోపల ఎంతమందిమి ఉన్నాం? పైకి చెప్పారా? ఎవరూ రారేం?" అన్నాడు. అక్క ముందుకొచ్చి "ఏమండీ, నేనండీ" అంది. ఆవిడకీ మాస్కు కట్టించారు. ఆయన ఆ గుడ్డ వైపు చూసి, భయపడి, ఒళ్లు ముడుచుకున్నాడు.

మూడో రోజుకి చేతికున్న సెలైను పీకేశాడు, మూత్రపు గొట్టం లాగేసి రక్తం కళ్లజూశాడు. దాంతో ఆయన కుడిచేతికి మెత్తటి సంచీలాంటి తొడుగు వేసి మంచం పట్టీకి కట్టేశారు. వాళ్లని తప్పుపట్టలేం. గొట్టాలు పీక్కుంటే చస్తాడు మరి. ఎడమచెయ్యి ఎలాగూ పడిపోయింది. ఇక మిగిలిన ఆ ఒక్క చెయ్యి అలా సంచీలో కొట్టుకుంటుంటే నేను చూడలేకపోయాను. ముప్ఫై ఏళ్లు ఇరుక్కున్నవాళ్లని బయటికి తీసిన మనిషి, "తలుపు తియ్యండి, తియ్యండి" అని గుంజుకుంటున్నాడు. ఎవరు ఏం చెప్పినా ఆయనకి చేరడం లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని నవ్వులాటకి అంటాం. అక్కడ నిలబడి చూస్తే అందులో నవ్వేం లేదు.

వార్డు బయట బల్ల మీద అక్కని పట్టుకుని కడిగేశాను.

"చెప్పేద్దాం అక్కా. లేచి వెళ్లి ఆ సిస్టరుకి చెప్పు, ఆయనకి వినపడదని."

"నా వల్ల కాదే."

"ఒట్టు తీసి గట్టున పెట్టు! అక్కడ మనిషి అలా అయిపోతుంటే!"

"ఏ తల మీద వేశానో తెలుసా నీకు?" అంది అక్క. "ఆ తలలోనే కదే దెబ్బ తగిలింది. ఇప్పుడు ఆ ఒట్టు తప్పితే... ఏమైనా అయితే? తర్వాత నేను ఎవరికి చెప్పుకోను?"

"మరి నేను చెప్తాను."

"చెప్పావంటే నా శవాన్ని చూస్తావు" అని నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి తనే మెల్లగా అంది, "రేపటికి సర్దుకుంటారే. లేచాక పనికి వెళ్లొద్దూ? ఆ పని తప్ప ఆయనకి ఇంకేముంది చెప్పు."

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆవిడ పరిస్థితి, నాకు అర్థమైంది. అర్థమవడం కోపం తగ్గించదు. ఆవిడ మీద కోపం, బావ మీద కోపం, ఏటా అవే అంకెలు చెప్పిన ఆ ముసలి డాక్టరు మీద కోపం. అన్నిటికంటే నామీద. బెదిరించిందని ఊరుకున్నాను అని ఇప్పుడు చెబుతున్నాను కానీ, నిజానికి ఆ కబురు నా నోటి మీదుగా వెళ్లడం నాకూ ఇష్టం లేదు. బయటపెట్టింది మరదలే అని బావ రేపు అనుకుంటాడని నా భయం. నాలుగో రోజు కూడా అలాగే వెళ్లాం, అలాగే చూశాం, అరగంట అయ్యాక అలాగే వచ్చేశాం.

ఐదో రోజు పొద్దున డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. చిన్నపిల్ల, కళ్ల కింద నల్లటి చారలు. ఎదురుగా బావ ఫారం పెట్టుకుని కూర్చుంది.

"ఎందుకిలా అయిందో నాకు అంతు పట్టట్లేదమ్మా. ఈ ఫారం ప్రకారం ఈయనకి రాకూడదు. మళ్లీ స్ట్రోకు వచ్చిందా అని స్కాను చూశాం, కొత్తగా ఏమీ లేదు. జ్వరం లేదు, ఇన్ఫెక్షను లేదు. ఇలా కొట్టుకుంటుంటే గుండెకి మంచిది కాదు, మధ్యాహ్నం నుంచి మత్తుమందు మొదలుపెడతాను." ఆగి, "ఒక్కటి మాత్రం దాచను. ఈ స్థితిలో ఎన్ని రోజులుంటే అంత నష్టం. కొంతమంది పూర్తిగా వెనక్కి రారు" అంది.

అక్క ఆ ఫారం వైపే చూస్తోంది. వినికిడి అన్న చోట గుండ్రటి సున్నా.

అక్కడి నుంచి లేచి నేరుగా వార్డులోకి నడిచింది. చూసే వేళ ఇంకా కాలేదని ఎవరో అన్నారు, ఆగలేదు. నేను వెనకే పరిగెత్తాను. అక్క తన మాస్కు లాగి పారేసింది. మంచం పట్టీకి కట్టిన ముడి విప్పి, తొడుగు ఊడబీకి, ఆయన చేతిని తన గొంతుకి ఆనించుకుంది. రెండు రోజులు గుడ్డలో నాని ఆ చెయ్యి పాలిపోయి ఉంది.

"ఏమండీ. నేనండీ. ఇది ఆస్పత్రి. మీకు ఒంట్లో బాగోలేదు. ఎవరూ ఇరుక్కోలేదు."

ఆయన వేళ్లు ఆవిడ మెడ మీద తడుముకున్నాయి. గుంజుకోవడం ఆగింది. కళ్లు దీపం మీంచి దిగి, నెమ్మదిగా ఆవిడ పెదాల మీదికి వచ్చాయి. అక్క మళ్లీ మళ్లీ అదే మాట చెప్పింది. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కపెట్టలేదు. చివరికి ఆయన "నువ్వా" అన్నాడు.

వెనక పొడుగు సిస్టరు వచ్చి నిలబడి ఉంది. ఆవిడ పక్కన మైకు. రోజూలాగే పళ్ల సంచీతో చూడటానికి వచ్చినట్టున్నాడు. అక్క తిరిగి ఆ ఇద్దర్నీ చూసింది. ఇంతకాలం ఎవరి ముందైతే బయటపడకూడదని వణికిందో ఆ మనిషి ముందే, బావ చెయ్యి మెడ మీద ఉండగానే, "ఆయనకి వినపడదు సిస్టరు. పదకొండేళ్లుగా వినపడదు. నేను అబద్ధం చెప్పాను" అంది.

సిస్టరు మాస్కు వెనక ఏమనుకుందో తెలీదు. మైకు మాత్రం తల దించుకున్నాడు.

"మాకు తెలుసు వదినా" అన్నాడు.

ఆయన గొంతు అంత చిన్నగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఎనిమిదేళ్లుగా తెలుసు. ఒకసారి వెనక నుంచి పిలిస్తే పలకలేదు. అప్పటి నుంచి అన్న దగ్గరికెళితే ఎదురుగా నిలబడి గట్టిగానే మాట్లాడతాను. మిగతావాళ్లకీ అదే చెప్పాను. అన్నని ఒంటరిగా ఏ మేడకీ పంపలేదు. మీరు ఇంత కష్టపడి దాస్తున్నారు కదా, తెలిసిందని తెలిస్తే బాధపడతారని... ఆ రోజు సిస్టరు అడిగినప్పుడు కూడా, మీ మాట పోకూడదని నేను వంత పాడాను."

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క ఆయనకి తెలియకూడదని చెప్పిన అబద్ధాన్ని, ఆయన అక్క కోసం బలపరిచాడు! తెలిసిన ముగ్గురం మంచం చుట్టూ నిలబడి, ఒకరి మర్యాద ఒకరం కాపాడుకుంటూ, మధ్యలో మనిషిని కాపాడటం మరిచిపోయాం. "మంచివాళ్లండీ మనమందరం, ఎంత మంచివాళ్లమో!" అని అరిచాను. అటుపక్క మంచాల వాళ్లు లేచి చూశారు. మైకు చేతిలో పళ్ల సంచీ అలాగే ఉంది, ఎక్కడ పెట్టాలో కూడా ఆయనకి తోచలేదు.

సిస్టరు ఫారం తెప్పించి సున్నా కొట్టేసి రెండు వేసింది. నాలుగూ రెండూ ఆరు. పసుపు కార్డు కట్టింది. మధ్యాహ్నం మత్తుమందు ఇవ్వలేదు. మంచం కిటికీ పక్కకి మారింది. తొడుగు మళ్లీ వేయలేదు, దాని బదులు మా ఇద్దరిలో ఒకరం ఆ చెయ్యి పట్టుకుని కూర్చోవాలని చెప్పారు. మంచం తల దగ్గర, గది అవతల నుంచి కూడా కనపడేలా పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించారు. 'ఈయనకి చెవులు వినపడవు. ఎదురుగా నిలబడి, మాస్కు దించి మాట్లాడండి.' పదకొండేళ్ల గుట్టు రెండు వాక్యాల్లో అయిపోయింది.

మనసు ఒక్కసారిగా తిరిగిరాలేదు. కాసేపు మాలో ఉండేవాడు, కాసేపు లిఫ్టులో. రెండు రోజులు అలా ఊగిసలాడాడు. మూడో రోజు పొద్దున కిటికీలోంచి ఎండ చూసి "ఇవాళ ఏ వారం?" అని అడిగాడు. చెప్పగానే వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. డాక్టరమ్మ వచ్చి అంకెలు వెనక నుంచి ముందుకి చెప్పించింది, తప్పు లేకుండా చెప్పాడు. ఆవిడ వెళ్లాక మెడ తిప్పి తల దగ్గరున్న కాగితం చదివాడు. నిదానంగా, రెండుసార్లు చదివాడు.

అక్క చేతిలో పలక ఉంది, మేము మాట్లాడేవి ఆయనకి అందకపోతే రాసి చూపించడానికి.

"ఎవరు చెప్పారు?" అన్నాడు బావ.

"నేనే" అంది అక్క. "ఒట్టు తప్పానండీ. మీ తల మీద వేసిన ఒట్టు తప్పాను." ఇక ఆపుకోలేక భోరుమంది.

బావ తల అడ్డంగా ఊపాడు, అది కాదన్నట్టు.

"ఎప్పుడు చెప్పావు?"

అక్క ఏడుస్తూనే పలక మీద 'ఐదో రోజు' అని రాసింది.

ఆయన ఆ రెండు మాటల్నీ చాలాసేపు చూశాడు.

"నువ్వు వచ్చేదానివి, నాకు గుర్తుంది" అన్నాడు. నోరు ఇంకా సరిగా తిరగడం లేదు, ఒక్కో మాటా కూడదీసుకుని అంటున్నాడు. "అది నువ్వని తెలిసేది కాదు. కానీ ఆ మనిషి వస్తే విప్పిస్తుందని అనిపించేది. వచ్చేది, చూసేది, వెళ్లిపోయేది. రోజూ అంతే." ఊపిరి తీసుకున్నాడు. "ఐదు రోజులు ఎందుకాగావే?"

కోపం లేదు ఆ గొంతులో. ఎన్నో అంతస్తు, లోపల ఎంతమంది అని అడిగినట్టే అడిగాడు. తెలుసుకోవాలని అడిగాడు. పదకొండేళ్లు ఎవరేం అడిగినా ఆయన బదులు తడుముకోకుండా జవాబు చెప్పిన మా అక్క నోరు తెరిచి, మూసేసుకుంది. బావ ఆవిడ పెదాల వైపే చూశాడు. అవి కదలకపోయేసరికి తల తిప్పి నా పెదాల వైపు చూశాడు.